తడిక లేని వంట

అచ్యుతరావుకి కలకత్తాలో ఒక యంత్రంతో సంబంధం ఉండేదని ఉమాదేవి అన్నదట. ఉమాదేవి అంటే అచ్యుతరావుకి ఎదురింట్లో ఉండే హెడ్ గుమాస్తా పురుషోత్తం గారి భార్య. ఆవిడ ఆ మాట అచ్చంగా అలాగే అన్నదో లేదో మనకి తెలియదు. పాలు పోయడానికొచ్చే నూకాలమ్మ చెప్పగా వీధి విన్నది. ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి ఉందిట, ఒకసారి చెబితే మరిచిపోదట, ఎదురు మాట్లాడదట, అలాంటిదాని పక్కన అన్నేళ్లు గడిపిన మగవాడికి మామూలు ఆడది కంటికేం ఆనుతుంది, అందుకే పెళ్లి మానేశాడు అని. పాలల్లో ధారాళంగా నీళ్లు కలిపే నూకాలమ్మ ఈ కబురు మాత్రం ప్రతి గుమ్మంలోనూ చిక్కగా పోసింది.

అసలు సంగతి అంత రుచిగా ఉండదు. అచ్యుతరావు కలకత్తాలో లెక్కలు కట్టే ఒక సంస్థలో గుమాస్తా. దేశంలో ఎంత వరి పండింది, ఎంతమంది తిన్నారు, ఎంతమంది తినలేదు అని అక్కడ లెక్క వేసేవారు. ఒకనాడు సముద్రం మీంచి పెట్టెల్లో యంత్రం వచ్చి దిగింది. గదంత యంత్రం. కూడికలు చేసే భాగం ఒక మూల, అంకెలు దాచుకునే డోలు మరో మూల. డోలు గిరగిర తిరుగుతూ ఉంటుంది. కావలసిన అంకె తిరిగి తిరిగి ముందుకొచ్చేదాకా కూడికల భాగం ఖాళీగా నిలబడాల్సిందే, పప్పు గుండిగ కోసం గరిటె పట్టుకుని నిలబడ్డ వడ్డనవాడిలాగ. అందుకని ఏ అంకె డోలు మీద ఎక్కడుంది, ఏ చోటు ఖాళీగా ఉంది, ఏది దేనికి దగ్గర అన్నది పెద్ద చార్టు గీసి గోడకి తగిలించారు. యంత్రం తన కడుపులో ఉన్నదంతా గోడ మీద బయటపెట్టుకున్నట్టు. ఆ చార్టు గీయడం అచ్యుతరావు పని. పెద్ద పెద్ద పట్టాలున్నవాళ్లు కూడా లెక్క మొదలెట్టేముందు అతని భుజం పక్కన నిలబడి, తమ అంకెలు ఎక్కడ పెట్టుకుంటే త్వరగా తెములుతుందని అడిగేవారు. బతుకులో మనుషులు అతని పక్కన వచ్చి నిలబడిన రోజులు అవే.

తర్వాత ఇంకా పెద్ద యంత్రం వచ్చింది. తన చోట్లు తనే సర్దుకునే తెలివి దానికి నేర్పారు. లోపల ఏది ఎక్కడుందో వాడుకునేవాళ్లకి తెలియక్కర్లేదన్నారు, తెలియకపోవడమే సుఖమన్నారు. చార్టు ఊడదీశారు. మేకు మిగిలింది. అచ్యుతరావు కొన్నాళ్లు ఆ మేకుకేసి చూసి, ఉద్యోగం వదిలేసి, పంతొమ్మిదివందల యాభైతొమ్మిదిలో సొంత ఊరు ఏలూరు వచ్చేశాడు. అప్పటికి ఊళ్లో అతన్ని గుర్తుపట్టేది స్టేషను గడియారం ఒక్కటే.

అద్దె వాటా తీసుకున్నాడు. ఒక కుంపటి, ఒక పీట కొన్నాడు. ఎందుకో రెండో పీట కూడా కొన్నాడు. దాని మీద ఎవరూ కూర్చోలేదు గనక అది కొత్తగానే ఉండిపోయింది. మధ్యాహ్నం వీధి తలుపు బార్లా తీసి అన్నానికి కూర్చునేవాడు, ఎవరైనా పలకరిస్తారేమోనని. తినేవాడికేసి చూడకూడదన్న మర్యాద మన వాళ్లకి ఉంది కాబట్టి దారిన పోయేవాళ్లు ఆ గుమ్మం దగ్గరికి రాగానే మొహం అటు తిప్పుకునేవారు. సాయంత్రం ఎవరింటికైనా వెళితే లోపల్నుంచి "వారు ఇంట్లో లేరండీ" అని వినబడేది, వారి దగ్గుతో సహా. కలకత్తా గోడ మీద చార్టులాగ ప్రతి ఇంటి గుమ్మానికీ ఒకటి ఉంటే ఎంత బావుండేదని అచ్యుతరావు తిరిగి వస్తూ అనుకునేవాడు. లోపల ఎవరున్నారు, ఎవరు ఖాళీగా ఉన్నారు. అంతకన్నా ఏం కావాలి.

అతనికి నిజంగా కావలసింది చాలా చిన్నది. నలుగురితో బంతిలో కూర్చోవాలి. పక్క ఆకు మనిషి వడ్డించేవాణ్ణి ఆపి, "వీరికి ఇంకో బూరె వేయవోయ్" అనాలి. తను వద్దు వద్దంటూ ఆకుకి చెయ్యి అడ్డం పెట్టాలి. అయినా ఆ చెయ్యి సందులోంచి బూరె పడాలి. అంతే.

కార్తీకమాసం వచ్చింది. ఒక పొద్దున్న అచ్యుతరావు తెల్ల పంచె కట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగి అందర్నీ వనసమారాధనకి పిలిచాడు. కొల్లేట్లో ఒక లంక ఉంది, మామిడితోట ఉంది, అందులో ఉసిరి చెట్టుంది, భోజనాలు అక్కడ. ఆ పిలుపుకి వెళ్లిన పూట వీధిలో మగవాళ్లందరూ ఇళ్లలోనే ఉన్నారు.

వంటకి తాడేపల్లిగూడెం నుంచి దత్తాత్రేయుల్ని పిలిపించారు. ఆ చుట్టుపట్ల పేరున్న చెయ్యి, పేరుకి తగ్గ పొగరు. అతను రాగానే అడిగింది బియ్యం కాదు, కట్టెలు కాదు, తడికలు. గుండిగలకీ బంతికీ మధ్య తడిక కట్టనిదే పొయ్యి ముట్టించడం తన వంశంలో లేదన్నాడు.

"తడిక ఎందుకండీ," అన్నాడు అచ్యుతరావు. "ఏ గుండిగ ఎక్కడుందో కళ్లకి కనబడుతూ ఉంటే ఎవరికేది ఇష్టమో వాళ్లు దాని దగ్గర కూర్చుంటారు. ఎదురుచూపులే ఉండవు."

"కనబడితే ఆకలి పెరుగుతుంది గాని తరగదండీ," అన్నాడు దత్తాత్రేయులు. "తినేవాడికి ఆకు కనబడాలి, వంటవాడికి గుండిగ కనబడాలి. ఒకరిది ఒకరు చూడటం మొదలెట్టారా, ఇంక అది భోజనం కాదు."

అచ్యుతరావు మెత్తటి మనిషే గాని చార్టు దగ్గర మొండి. తడిక వద్దంటే వద్దన్నాడు. దత్తాత్రేయులు కాసేపు గొణిగి, సరేనని అతి సులువుగా ఒప్పేసుకున్నాడు. వంటవాడు అంత సులువుగా ఒప్పుకుంటే ఎక్కడో ఏదో ఏర్పాటు చేసుకుంటున్నాడని సమారాధనలు చేసిన చెయ్యి కనిపెడుతుంది. అచ్యుతరావుకి ఇదే మొదటిది.

ఆ రాత్రికి చార్టు తయారై తెల్లారేసరికి అతని అరుగు గోడ మీద ఉంది. గుండిగలు గుండ్రాలు, వడ్డించేవాళ్లు ఎర్ర చుక్కలు, ఆకులు పచ్చ గీతలు. బంతులు మూడు. ఒకదాని దగ్గర బూరెలు, పులిహోర. ఒకదాని దగ్గర పప్పు, నెయ్యి. చెట్టు నీడనున్న మూడోదాని దగ్గర దప్పళం, మజ్జిగ. ఒక్కో బంతికి ఒక్కో ఎర్ర చుక్క, అది తన బంతి దాటి తిరగనక్కర్లేదు. ఇష్టమైనచోట కూర్చోవలసిందని అడుగున వినయంగా రాశాడు.

వీధి చార్టు చదివింది. కానీ మన వైపు బంతిలో చోటనేది కడుపుకి సంబంధించిన విషయం కాదు, వంశానికి సంబంధించింది. పురుషోత్తం కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఇంటికెళ్లి మొహం కడుక్కుని మళ్లీ వచ్చి చూశాడు. పెద్దవాళ్లు ఎప్పుడూ నీడనే కూర్చుంటారు, నీడలో పెట్టింది మజ్జిగ, మజ్జిగ పోశారంటే ఇంక లేవమని అర్థం, అంటే పెద్దవాళ్లని వస్తూనే లేచిపొమ్మంటున్నారా అని ఆయన సందేహం. అచ్యుతరావు నొచ్చుకుని మజ్జిగని పప్పు బంతి దగ్గరికి మార్చాడు. పప్పు బంతి మీద మనసున్నవాళ్లు, మేమేం పాపం చేశామని వచ్చారు. అక్కణ్ణించి కదిపాడు. అలా మజ్జిగ గుండిగ చార్టంతా తిరిగి, ఏ వంశానికీ అక్కర్లేక, చివరికి పడవల రేవులో పడింది.

ఇక్కడ అచ్యుతరావు ఆగిపోవలసింది. ఆగలేదు. ఎందుకంటే మార్పులు చెప్పడానికి మనుషులు వస్తున్నారు. అతని భుజం పక్కన నిలబడి, "మా ఆకు ఎక్కడ పడిందండీ" అని అడుగుతున్నారు. రెండో పీట మీద కూర్చుంటున్నారు. అందరికీ కావలసింది ఒక్కటే, బూరెల బంతి. వచ్చినవాళ్లని కాదంటే మళ్లీ రారేమోనని అందరికీ సరేనన్నాడు. ఉమాదేవి తన కోసం, మొగుడి కోసం, ఉంగుటూరు నుంచి రాబోయే చెల్లెలి కుటుంబం కోసం ఆకులు గీయించుకుంది. కాఫీ పుచ్చుకుని వెళ్లమంటే పొయ్యి మీద పాలున్నాయని లేచింది. బూరెల బంతి పెరిగి పెరిగి చార్టులో తోట దాటి, గట్టు దాటి, నీలం రంగు వేసిన నీళ్లలోకి వెళ్లింది. అచ్యుతరావు ఆ వారమంతా ఈలపాట పాడుతూ పచ్చ గీతలు గీశాడు.

సమారాధన పూట బళ్ల మీద కొల్లేటి ఒడ్డుకి చేరి, అక్కణ్ణించి సూర్రావు పడవలో విడతలు విడతలుగా లంకకి దాటారు. మొదటి పడవలో వెళ్లింది మనుషులకన్నా కండువాలే ఎక్కువ. బస్సులో కిటికీలోంచి సీటు మీదికి విసిరినట్టు, ఎవరి కండువా వారు బూరెల బంతిలో పరిచి రాయి పెట్టారు. తరవాత వచ్చినవాళ్లు చార్టు చూపించి రాయి తీశారు. చార్టు ప్రకారం అందరిదీ న్యాయమే. చివరికి బంతి చార్టులో ఉన్నట్టే వంకర తిరిగి గట్టు దిగింది. ఉంగుటూరు నుంచి వచ్చిన ఉమాదేవి మరిది ఆకు కిక్కిస గడ్డిలో పడింది. ఆయన కాళ్లు నీళ్లలో పెట్టుకుని బూరెల కేసి మెడ చాచి కూర్చున్నాడు. అవతల నీళ్లలో కొంగలు కూడా అలాగే వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి మాత్రం ఒకదానితో ఒకదానికి పేచీ లేదు.

మిగిలిన రెండు బంతులూ ఖాళీ. అయినా దత్తాత్రేయులు తన తమ్ముణ్ణి పప్పు దగ్గర, మేనల్లుణ్ణి దప్పళం దగ్గర నిలబెట్టాడు. వాళ్లు ఎదురుగా ఉన్న ఖాళీ ఆకుల్ని చూస్తూ నిలబడ్డారు. బూరెల బంతి నిండా ఉన్న జనానికి తను ఒక్కడే వడ్డిస్తున్నాడు. అన్నం పడింది, బూరె పడింది. పప్పేదీ అని అడిగితే, అది పప్పు బంతిలో ఉందండీ, చార్టులో అలాగే ఉంది, కావలిస్తే అక్కడ కూర్చోండి అన్నాడు చాలా సంతోషంగా. ఎవరు కదులుతారు? కదిలితే కండువాకి కాళ్లొస్తాయి.

పైగా తడిక లేదు. బూరెల గుండిగ అందరి కళ్లెదుటా ఉంది, అందులో బూరెలు తగ్గడం కూడా కళ్లెదుటే జరుగుతోంది. తడిక అవతల గుండిగ ఎప్పుడూ నిండుగానే ఉంటుందని మనిషి నమ్ముతాడు. కనబడేసరికి నమ్మకం పోయింది. ఒక్క బూరె చాలనేవాళ్లు ముందుజాగ్రత్తకి నాలుగు వేయించుకున్నారు. పురుషోత్తం లేచి నిలబడి లోపలికి తొంగి చూశాడు. "ఏవండీ, కాస్త కూర్చుంటే మాకూ గుండిగ కనబడుతుంది," అన్నారు వెనకాల ఎవరో, ఎంతో మర్యాదగా. గుండిగ అడుగు గరిటెకి తగిలిన చప్పుడు బంతి చివరిదాకా వినబడింది. చివర ఆకులకి ఇంకా ఏమీ పడలేదు. అందరికీ వడ్డన అయితే గాని ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఎదురుగా బూరెలు పెట్టుకుని, ఆకలితో, ఒకరి ఆకు ఒకరు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

అచ్యుతరావు చార్టు చంకలో పెట్టుకుని గుండిగ గుండిగకీ పరిగెత్తాడు. ఉసిరి చెట్టు వెనక తడి గోనెపట్టా కప్పిన దిబ్బలాంటిది కనబడింది. ఎత్తి చూశాడు. గుండిగ. నిండా బూరెలు. అతని ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి వస్తువు తన చార్టులో పడకపోవడమేమిటని పెన్సిలు తీసి ఉసిరి చెట్టు పక్కన శ్రద్ధగా ఒక గుండ్రం చుట్టి, చార్టు పైకెత్తి అందరికీ చూపించాడు.

"కంగారు పడకండి. చెట్టు వెనక గోనె కింద ఇంకో గుండిగ ఉంది. ఇందాక పొరపాటున పడలేదు."

ప్రతి సమారాధనకీ అలాంటి గుండిగ ఒకటి ఉంటుంది. ఉంటుందని తినేవాళ్లకీ తెలుసు, అది వంటవాడి ఇంటికి వెళుతుందనీ తెలుసు. దాని పరువు కోసమే తాతల నాటి నుంచీ తడిక. ఎవరికీ తెలియనట్టు అందరికీ తెలిసిన ఆ గుండిగని ఇప్పుడొక మనిషి గీసి, పైకెత్తి చూపిస్తున్నాడు. తలలన్నీ దత్తాత్రేయుల వైపు తిరిగాయి.

అతను అరవలేదు. గరిటె అన్నం మీద పెట్టాడు. "నన్ను బొమ్మలో గీశారండీ," అని ఒక్క మాట అన్నాడు. తమ్ముణ్ణీ మేనల్లుణ్ణీ వెంటబెట్టుకుని రేవుకి నడిచాడు. అక్కడ పడవ ఉంది గాని సూర్రావు లేడు. అతను కూడా బంతిలో, లంక ఉత్తరపు గట్టు మీద తన ఆకు ముందు కూర్చుని ఉన్నాడు. వాళ్లు అక్కడే కూలబడ్డారు.

ఇక వడ్డించే దిక్కు లేదు. మొదట లేచింది ఉమాదేవి మరిది, నీళ్లలోంచి. పప్పు తెచ్చుకుంటానని బయల్దేరాడు. బంతిలోంచి మధ్యలో లేవచ్చా, ఆకు పట్టుకుని తిరిగితే ఎంగిలి కాదా అని గుసగుసలు పుట్టాయి. పురుషోత్తం ఆఫీసులో ఫైలు మీద తీర్పు రాసినట్టు గొంతు సవరించుకుని, ఎవరూ ఇంకా నోట పెట్టలేదు కనక ఎంగిలి పుట్టలేదు, పుట్టనిదానికి అంటు లేదు అన్నాడు. అంతే, బంతి లేచిపోయింది. బూరెలు ఎక్కువ వేయించుకున్నవాళ్లు పప్పుకి మార్చుకున్నారు. దప్పళం దొరికినవాళ్లు నెయ్యికి బేరం పెట్టారు. ఏ గుండిగ దగ్గర ఆకలి తీరితే అక్కడే చతికిలబడ్డారు. పెరటి గోడ పేచీతో ఏళ్ల తరబడి మాటల్లేని రెండిళ్లవాళ్లు ఒకే నెయ్యి గిన్నె దగ్గర ఎదురుబొదురు పడి, ముందు మీరంటే ముందు మీరనుకున్నారు. దొంగ గుండిగలో బూరెలు అన్నిటికన్నా ముందు అయిపోయాయి, వాటికి రుచి ఎక్కువని. మాటలు, నవ్వులు, కొసరుకోవడాలు. ఆ వీధి పుట్టాక అంత సందడి లేదు.

అచ్యుతరావు మాత్రం కూర్చోలేదు. కూర్చోవాలంటే ముందు చార్టు సరిచెయ్యాలి. ఒక్కరూ గీసినచోట లేరు. పెన్సిలు పట్టుకుని గుంపు గుంపుకీ వెళ్లి ఎవరెక్కడున్నారో చూసి, పాత గీత చెరిపి కొత్త గీత గీస్తున్నాడు. "మీరూ కూర్చోండి అచ్యుతరావు గారూ," అంటూనే ఉన్నారు అందరూ, ఎవరూ జరగకుండా. మామిడి చెట్టు కింద పురుషోత్తం బూరెలతో పోతున్న ఎవరినో ఆపి, "వీరికి ఇంకో బూరె వేయవోయ్," అనడం వినబడి గబుక్కున వెనక్కి తిరిగాడు. పక్కనున్న షావుకారు చెయ్యి అడ్డం పెడుతున్నాడు. బూరె చెయ్యి సందులోంచి పడింది.

చార్టు పూర్తయ్యేసరికి, మొదటిసారి అది అక్షరాలా సరిగ్గా ఉన్న ఆ నిమిషానికి, జనం చేతులు కడుక్కుంటున్నారు. పొద్దువాటారింది. సూర్రావు మళ్లీ విడతలుగా పడవ దాటించడం మొదలెట్టాడు. ఇంత సరదా సమారాధన ఎన్నడూ ఎరగమని, వచ్చే ఏడు కూడా ఇలాగే బంతీ వంటవాడూ లేకుండా పెట్టుకోవాలని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ ఎక్కారు. ఉమాదేవి పడవలో ఒక కాలు పెట్టి, "ఇంతకీ మీరు భోంచేశారా అండీ," అని అడిగింది. జవాబు చెప్పబోయేంతలో రెండో కాలు కూడా పడవలో పడింది. పడవ కదిలింది. ఆఖరి విడతలో దత్తాత్రేయుల తమ్ముడికీ మేనల్లుడికీ చోటు దొరికింది. మిగిలిన ఇద్దరి కోసం మళ్లీ వస్తానండీ, చీకటి పడకుండానే వస్తానండీ అంటూ సూర్రావు గెడ వేశాడు. నవ్వులు నీళ్ల మీద చాలా దూరం దాకా వినబడ్డాయి.

గుండిగలన్నీ బోర్లించినట్టే ఉన్నాయి. ఒక మూల కాస్త అన్నం, రేవులో మజ్జిగ. మజ్జిగని ఎవరూ ముట్టలేదు, అంచుదాకా నిండుగా ఉంది. దాని పక్కన దత్తాత్రేయులు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. అతనూ తినలేదు. అచ్యుతరావు అన్నం తెచ్చి మధ్యన పెట్టాడు. ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు. కాసేపు కొంగలు లేవడం చూశారు.

తర్వాత అచ్యుతరావు చార్టు విప్పి, గాలికి ఎగరకుండా ఒక చివర మజ్జిగ గుండిగ కింద పెట్టి, వంటవాడి ముందు పరిచాడు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరున్నారు, ఏ గుండిగ ఎప్పుడు ఎక్కడికి కదిలింది, అంతా ఉందన్నాడు. చివరికి ఉసిరి చెట్టు వెనక గుండ్రం కూడా చెరిపేశానని నెమ్మదిగా చెప్పాడు.

"ఇప్పుడు చూడండి దత్తాత్రేయులు గారూ. ఇందులో ఒక్క తప్పు చూపించండి."

దత్తాత్రేయులు వంగి, వేలు పెట్టి, ఒక్కో పచ్చ గీతనీ దాటుకుంటూ కాగితం ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాడు. మళ్లీ ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చాడు.

"తప్పేం లేదండీ," అన్నాడు. "మీ ఆకే లేదు."